వేల్స్‌లో 20 మైళ్ల లిమిట్: ఆదా అయిందంటున్న డబ్బు ఎక్కడ ఉంది?

తెనాలి_స్వాన్సీ

పోయిన ఆదివారం స్వాన్సీలో ఒక ఫ్రెండ్ ఇంట్లో పుట్టినరోజు భోజనానికి పదిమందిమి చేరాం. మాటల్లో 20 మైళ్ల స్పీడ్ లిమిట్ సంగతి వచ్చింది. "ఏటా కోట్ల పౌండ్లు ఆదా అంటున్నారు కదా, ఎవరికి ఆదా? ఆ డబ్బు ఎక్కడుంది?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. మాలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. నాది అకౌంట్స్ ఉద్యోగం. ఆ ప్రశ్న రెండు రోజులు నన్ను వదల్లేదు. చివరికి ప్రభుత్వ కాగితాలు తీసి కూర్చున్నాను. నాకు అర్థమైంది ఇక్కడ పెడుతున్నాను, తప్పుంటే చెప్పండి.

బయట ఉన్నవాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. 2023 సెప్టెంబర్ 17 నుంచి, బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌లో, వీధి దీపాలు దగ్గర దగ్గరగా ఉండే ఊరి రోడ్ల మీద మామూలు లిమిట్ గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు దిగింది. మన లెక్కలో 48 కిలోమీటర్ల నుంచి 32కి. అవసరమైన రోడ్లను స్థానిక కౌన్సిళ్లు మినహాయించుకోవచ్చు. బోర్డులకీ మిగతా ఏర్పాట్లకీ సుమారు 3 కోట్ల 20 లక్షల పౌండ్లు ఖర్చు. దీనికి జనం నుంచి వచ్చిన వ్యతిరేకత మామూలుది కాదు. రద్దు చేయాలని పెట్టిన పిటిషన్ మీద 4 లక్షల 69 వేల మందికి పైగా సంతకాలు పడ్డాయి. వేల్స్ జనాభాయే 31 లక్షలు!

ఇప్పుడు అసలు చిక్కు. లిమిట్ పెట్టకముందు ప్రజారోగ్యం వైపు నుంచి వచ్చిన ఒక అంచనా ప్రకారం, ఏటా 6 నుంచి 10 ప్రాణాలు దక్కుతాయి, 1,200 నుంచి 2,000 మంది గాయాల నుంచి తప్పించుకుంటారు, దాని విలువ ఏడాదికి 9 కోట్ల 20 లక్షల పౌండ్లు. మంత్రులు అన్నిచోట్లా చెప్పింది ఈ అంకే. కానీ చట్టంతో పాటు 2022లో సెనెడ్ (వేల్స్ పార్లమెంటు) ముందు అదే వేల్స్ ప్రభుత్వం పెట్టిన వివరణ పత్రంలో, లాభాలూ నష్టాలూ అన్నీ కలిపితే 30 ఏళ్లలో 450 కోట్ల పౌండ్ల నికర నష్టం అని ఉంది. వ్యతిరేకించేవాళ్లు ప్రతి టీవీ చర్చలో చూపించింది ఈ అంకె.

ఒకే ప్రభుత్వం దగ్గర రెండు లెక్కలు. ఒకటి ఆదా అంటుంది, ఒకటి నష్టం అంటుంది. మీరు దేన్ని నమ్ముతారు? ఎందుకు?

బెజవాడ_న్యూపోర్ట్

నేను దేన్నీ నమ్మను అన్నా. న్యూపోర్ట్‌లో పదకొండేళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నా. నాకు తెలిసిన లెక్క ఒకటే, పొద్దున ఆరు నుంచి సాయంత్రం నాలుగు లోపల ఎన్ని ట్రిప్పులు పడ్డాయి అన్నది. ముందు పడినన్ని ఇప్పుడు పడట్లేదు.

9 కోట్లు ఆదా అయితే ఆసుపత్రిలో క్యూ తగ్గాలి కదా, కౌన్సిల్ ట్యాక్స్ తగ్గాలి కదా. ఏది తగ్గింది చెప్పండి? డబ్బు నిజంగా మిగిలితే ఏదో ఒక ఖాతాలో కనబడాలి. కనబడని డబ్బుని ఆదా అనడం నాకు నచ్చదు.

స్కూళ్ల ముందు 20 పెట్టండి, నేనే సంతకం పెడతా. ఊరి మధ్య ఇరుకు వీధుల్లో పెట్టండి. కానీ ఇటూ అటూ ఒక్క ఇంటి గుమ్మం కూడా లేని వెడల్పాటి రోడ్డు మీద రాత్రి పదకొండింటికి 20లో వెళ్లమంటే కళ్లు స్పీడోమీటర్ మీదే ఉంటాయి, రోడ్డు మీద ఉండవు. మా వాళ్లందరిదీ ఇదే టెన్షన్.

తెనాలి_స్వాన్సీ

మీరు అడిగింది సరైన ప్రశ్న. సూటిగా చెప్తాను. ఆ 9 కోట్ల 20 లక్షల్లో ఎక్కువ భాగం ఏ ఖాతాలోనూ పడదు.

బ్రిటన్ రవాణా శాఖ రోడ్డు మీద ఒక్క మరణం తప్పితే దాని విలువ 20 లక్షల పౌండ్లకు పైనే అని కడుతుంది. అందులో అంబులెన్సు, ఆసుపత్రి ఖర్చు చిన్న ముక్క. మనిషి బతికుంటే చేసే పని విలువ ఇంకో ముక్క. అన్నిటికంటే పెద్దది మనిషి బాధ, ఇంట్లోవాళ్ల దుఃఖం, పోయిన జీవితం. దుఃఖానికి ధర ఎలా కట్టారంటే, చనిపోయే ప్రమాదం కొంచెం తగ్గడానికి మీరు ఎంత ఇస్తారు అని జనాన్ని సర్వేల్లో అడిగి, ఆ జవాబుల నుంచి లాగారు. కాబట్టి ఈ ఆదా అన్నది డబ్బు రూపంలో రాసిన మాట. దాన్ని ట్రెజరీలో వెతికితే దొరకదు. మంత్రులు ఈ విషయం విడమరిచి చెప్పకుండా "పెట్టిన ఖర్చుకి మూడింతలు మొదటి ఏడాదే వచ్చేస్తుంది" అన్న ధోరణిలో మాట్లాడారు. అది తప్పు అని నా అభిప్రాయం. వినేవాడికి నగదు అనిపిస్తుంది.

అయితే అవతలి 450 కోట్లు కూడా నగదు కాదు, అది గమనించండి. అందులో ప్రధానంగా ఉన్నది ప్రయాణం పొడుగైన సమయం. ఒక్కో ట్రిప్పుకి కొన్ని సెకన్లు, ఒక నిమిషం. దాన్ని దేశంలోని ట్రిప్పులన్నిటితో హెచ్చవేసి, గంటకి ఇంత అని ధర కట్టి, 30 ఏళ్లకు కూడితే 450 కోట్లు వచ్చింది. సూటిగా భాగించి చూడండి. ఏడాదికి 15 కోట్లు, మనిషికి ఏడాదికి 48 పౌండ్లు, అంటే వారానికి ఒక పౌండు కూడా లేదు. అదీ జేబులోంచి పోయే పౌండు కాదు. ఇంటికి నలభై సెకన్లు ఆలస్యంగా చేరడానికి కట్టిన ధర.

నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరడం నలభై సెకన్లు ఆలస్యమైతే నా జీవితంలో ఏ పని ఆగింది? ఏదీ ఆగలేదు. అలాంటి నలభై సెకన్లు కోటి సార్లు కలిపితే పెద్ద నష్టం అవుతుందా? కాగితం మీద అవుతుంది. నాకైతే అది నష్టంలా కనిపించదు.

రోండా_లోయ

అన్నయ్యా, మీ నలభై సెకన్లు ఆఫీసు ఉద్యోగానికి సరిపోతాయి. నా సంగతి వినండి.

నేను రోండా లోయలో డొమిసిలరీ కేర్ చేస్తాను. పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, టిఫిన్ పెట్టడం. ఇలా ఒక ఇంటికి ఒకసారి వెళ్లడాన్ని కాల్ అంటాం. రోజుకి 14 కాల్స్. లోయ అంటే ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్తాను. రెండు కొండల మధ్య ఒకటే రోడ్డు, దాని పొడవునా ఇళ్ల వరస. ట్రియోర్కి నుంచి పోర్త్ దాకా ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. కాబట్టి దాదాపు నా దారి అంతా 20లోనే. రోడ్డు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో "అరవ్" అని రాసి ఉంటుంది, వెల్ష్‌లో నెమ్మది అని. రోజుకి ఎన్నిసార్లు దాని మీదుగా వెళ్తానో లెక్కలేదు.

నేను ఇక్కడి డ్రైవింగ్ టెస్ట్ పాసైంది 2023 జనవరిలో. లైసెన్సు వచ్చిన రెండేళ్ల లోపల 6 పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు పోతుంది. ఒకసారి కెమెరాకి దొరికితే 100 పౌండ్లు, 3 పాయింట్లు. లైసెన్సు పోతే నా ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే వీసా. అందుకని నేను 20 అంటే 20లోనే వెళ్తాను. ఆ రెండేళ్లు దాటినా అలవాటు మారలేదు. వెనక కారువాళ్లు బంపర్‌కి ఆనించినంత దగ్గరికి వచ్చి హారన్ కొడతారు.

ఒక మైలుకి 30లో రెండు నిమిషాలు, 20లో మూడు నిమిషాలు. రోజుకి పదిహేను మైళ్లు ఇలాంటి రోడ్డు మీదే తిరుగుతాను. అంటే పదిహేను నిమిషాలు. అవి ఎవరి నిమిషాలు? ప్రయాణ సమయాన్ని కనీస వేతనం లెక్కలో కలపాలని రూల్ ఉంది. మా ఏజెన్సీ పే స్లిప్‌లో మాత్రం కాల్ నిమిషాలే కనబడతాయి. కాల్‌కీ కాల్‌కీ మధ్య ఇచ్చే గ్యాప్ 2023లో 5 నిమిషాలు, ఇప్పటికీ 5 నిమిషాలే. ఆలస్యమైతే ఆ పెద్దావిడ టిఫిన్ ఆలస్యం, నా చివరి కాల్ అయ్యేసరికి నా పిల్లాడు స్కూల్లో ఆఖరివాడు.

మీరు కూడికలో కొట్టేసిన సెకన్లు నాకు జీతం, అన్నయ్యా.

తెనాలి_స్వాన్సీ

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను రాసిన దాంట్లో తప్పుంది, ఒప్పుకుంటున్నాను. "అందరికీ కొన్ని సెకన్లు" అని సగటు తీసినప్పుడు మీరు అందులో కనబడలేదు.

మీరు చెప్పిన ఇంకో మాట కూడా లోతుగా ఆలోచించాల్సింది. లిమిట్ 10 మైళ్లు తగ్గినా, కొలిచిన రోడ్ల మీద సగటు వేగం తగ్గింది సుమారు 4 మైళ్లే. దాదాపు 29 నుంచి 25కి వచ్చింది. అంటే సగటు కారుకి మైలుకి అదనంగా పడుతున్నది 20 సెకన్లు. పోలీసులు కేసు రాసేది 26 మైళ్ల నుంచి అని తెలిసినవాళ్లు 25లో పోతున్నారు. లైసెన్సు పోతే బతుకే పోయే మీలాంటివాళ్లు 20లో పోతున్నారు. చట్టానికి బాగా భయపడేవాళ్ల దగ్గరే ఆ నిమిషం పూర్తిగా వసూలవుతోంది.

ఎముకల_వార్డు

కార్డిఫ్‌లో ఫిజియోథెరపిస్టుని. రోండాలో ఉన్న చెల్లెమ్మ బాధ నాకు బాగా తెలుసు, మా అక్క కూతురు అదే పని చేస్తోంది. అయినా రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

రోడ్డు దాటుతూ కారు తగిలి కటి ఎముక విరిగిన ఒక పెద్దావిడని ఒకసారి నాకు అప్పగించారు. నాలుగో వారానికి వాకర్‌తో పది అడుగులు వేసింది. అప్పటికి ఆవిడ మనసంతా రెండు మెట్ల మీదే ఉంది. ఆవిడ ఇంటి ముందు రెండు మెట్లు ఉన్నాయి. అవి ఎక్కగలిగితేనే ఇంటికి పంపుతారు, లేకపోతే కేర్ హోమ్. మా జిమ్‌లో చెక్క మెట్లు ఉంటాయి, రెయిలింగ్ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి, రెండో కాలు లేపలేక అలాగే నిలబడిపోయేది. రోజూ అంతే. "నేను రోజూ వెళ్లే బేకరీయే కదా" అని ప్రతిసారీ అనేది. గుద్దిన కారు పెద్ద స్పీడులో ఏమీ లేదు, అప్పటి లిమిట్ లోపలే ఉంది.

హైవే కోడ్‌లో, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకంలో ఉన్న పట్టిక అందరూ టెస్టుకి బట్టీపట్టి మర్చిపోతారు. 20లో వెళ్లే కారు 12 మీటర్లలో ఆగుతుంది. 30లో వెళ్లే కారుకి 23 మీటర్లు కావాలి. 12 మీటర్ల దూరంలో మనిషి అడ్డం వచ్చిందనుకోండి. 20 కారు ఆవిడ ముందు ఆగిపోతుంది. 30 కారులో డ్రైవర్ కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే 9 మీటర్లు అయిపోతాయి. మిగిలింది 3 మీటర్లు. లెక్క వేస్తే, ఆవిడకి తగిలేటప్పుడు కారు ఇంకా 26 మైళ్లకు పైగా వేగంతో ఉంటుంది. ఒకరికి ఉలికిపాటు, ఇంకొకరికి నాలుగు నెలల వార్డు. అదే వీధి, అదే మనిషి, అదే డ్రైవరు.

ట్యాక్సీ తమ్ముడు ఆసుపత్రి క్యూ తగ్గలేదు అన్నాడు. ఒక బెడ్ ఖాళీ అయితే వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్న తుంటి ఆపరేషన్ వాళ్లకి అది ఇస్తారు. బెడ్ ఖాళీగా ఉంచి డబ్బు మిగిలింది అని ఎవరూ రాయరు. అందుకే కనబడదు.

బెజవాడ_న్యూపోర్ట్

అక్కా, మీరు చెప్పిన బెడ్ మాట ఒప్పుకుంటా. ఆ కోణంలో నేను ఆలోచించలేదు.

బెల్‌ఫాస్ట్_బాబాయి

వేల్స్ కాదు, మా ఊరి అనుభవం చెప్తాను. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ నడిబొడ్డున 76 వీధుల్లో 2016లో 20 మైళ్లు పెట్టారు. క్వీన్స్ యూనివర్సిటీ వాళ్లు మూడేళ్ల తర్వాత కూడా చూసి 2022లో పేపర్ వేశారు. ప్రమాదాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. సగటు వేగం ఒక మైలు కూడా తగ్గలేదు. బోర్డులు పెట్టారు, అంతే. స్పీడ్ బ్రేకర్లు లేవు, గట్టి నిఘా లేదు.

కాబట్టి ఎవరైనా "20 పెడితే ఇన్ని కోట్లు ఆదా" అన్నప్పుడు నేను అడిగేది ఒకటే. బోర్డు మీద అంకె తగ్గడం సరే, చక్రాల వేగం ఎంత తగ్గుతుందని అనుకుని ఆ లెక్క వేశారు? వేల్స్ అంచనాలో ప్రమాదాలు 40 శాతం తగ్గుతాయని పెట్టుకున్నారు. అంత తగ్గాయా? తగ్గకపోతే ఆ 9 కోట్లు కూడా తగ్గించి చెప్పాలి.

తెనాలి_స్వాన్సీ

బాబాయి గారు పట్టుకున్నది ఈ లెక్కకు ఆయువుపట్టు. 40 శాతం తగ్గలేదు. మార్పు వచ్చిన మొదటి ఏడాదిలో, 20, 30 మైళ్ల రోడ్ల మీద చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు తగ్గారు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ వేల్స్‌లో తమ దగ్గరికి వచ్చే వాహన డ్యామేజీ క్లెయిములు 20 శాతం తగ్గాయని చెప్పింది. అది నిజంగా నగదు, బెజవాడ తమ్ముడు అడిగినట్టు ఖాతాలో కనబడేది. అయితే ఒక్క ఏడాది అంకెలు పైకీ కిందికీ ఊగుతాయి, కనీసం మూడేళ్లు చూడాలని గణాంకాలు ఇచ్చేవాళ్లే చెప్తున్నారు.

బెల్‌ఫాస్ట్‌కీ వేల్స్‌కీ తేడా మీరు అన్నచోటే ఉంది. మీ దగ్గర ఒక మైలు కూడా తగ్గలేదు, ఇక్కడ నాలుగు తగ్గింది. ఊరి మధ్య కొన్ని వీధులకే పెడితే డ్రైవర్‌కి అది ఒక మినహాయింపు. దేశమంతా అదే అయితే అదే అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమిటంటే సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం 4 శాతం పెరుగుతుంది. చిన్న తగ్గుదల కూడా ఊరికే పోదు అన్నమాట. కాకపోతే 9 కోట్ల 20 లక్షలు అనే పాత అంకెను ఇప్పటికీ వాడటం మానేయాలి. జరిగినదాన్ని బట్టి కొత్త లెక్క వేసి చెప్పాలి, అది చిన్నదైనా సరే.

మియాపూర్_టూవీలర్

హైదరాబాద్ నుంచి చదువుతున్నాను. మీ చర్చ చూస్తే ఒకటి అనిపించింది. మీ దగ్గర మరణం తప్పితే 20 లక్షల పౌండ్లు అని ముందే రాసి పెట్టుకున్నారు. మన దగ్గర అలాంటి అంకె చర్చలోకే రాదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపాలిటీ పరిధిలో కారుకి గరిష్ఠంగా 70 కిలోమీటర్లు, బైకుకి 60. మీ పాత 30 మైళ్లు 48 కిలోమీటర్లే కదా! 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. అందులో ఓవర్‌స్పీడ్ కింద రాసినవే పదిలో ఏడు.

మా నాన్న స్కూటర్ మీద వెళ్తూ పోయారు. పరిహారం కోసం ప్రమాదాల ట్రిబ్యునల్‌లో మూడేళ్లు తిరిగాం. అక్కడ మొదట అడిగేది నెల జీతం ఎంత అని. దాని మీద వయసుని బట్టి ఇన్ని రెట్లు అని కడతారు. మా పక్క బెంచీ మీద ఒక కూరగాయల ఆవిడ కూర్చుని ఉండేది, కొడుకు పోయాడు. అతని జీతానికి కాగితం లేదు. లాయరు అడుగుతుంటే ఆవిడ "రోజుకి ఇంత తెచ్చేవాడు బాబూ" అని వేళ్లు చూపించింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

మన ఊళ్లలో 30 కిలోమీటర్లు పెట్టాలంటే ఏ లెక్క చూపించాలి? జీతాల లెక్క చూపిస్తే చిన్న అంకె వస్తుంది.

తెనాలి_స్వాన్సీ

మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది.

మీరు అడిగినదానికి నాకు తెలిసినంతలో చెప్తాను. ట్రిబ్యునల్ కట్టేది పోయిన తర్వాత ఇంటికి ఇవ్వాల్సిన పరిహారం. అది సంపాదన మీద నడుస్తుంది. ఇక్కడ రవాణా శాఖ కట్టేది పోకుండా ఆపడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చు అన్న విలువ. అది అందరికీ ఒకటే, డాక్టరుకైనా, పని లేనివాడికైనా, ఎనభై ఏళ్ల ముసలావిడకైనా. అంకె ఎంత పెద్దది అన్నదానికంటే ఈ సమానత్వమే ఆ పద్ధతిలో నాకు నచ్చినది. ఆ కూరగాయల ఆవిడ కొడుకూ ఒక మంత్రిగారి కొడుకూ ఆ పట్టికలో ఒకే గడిలో ఉంటారు. మన దగ్గర రోడ్డు ప్రణాళికలు వేసేటప్పుడు ఆ గడి ఉండాలని అడగండి. పరిహారం లెక్కని తెచ్చి అక్కడ పెట్టనివ్వకండి.

హెల్సింకీ సంగతి మీకు పనికొస్తుంది. అక్కడ సగానికి పైగా వీధుల్లో లిమిట్ 30 కిలోమీటర్లు. 2024 జూలై నుంచి 2025 జూలై దాకా ఏడాది పాటు ఆ ఊళ్లో రోడ్డు ప్రమాదంలో ఒక్కరూ పోలేదు. ఒక్క లిమిట్ వల్లే కాదు, రోడ్ల తీరు మార్చారు, కెమెరాలు పెట్టారు, బస్సులూ ట్రాములూ బాగున్నాయి. కానీ లిమిట్ లేకుండా అది కుదిరేది కాదు.

బెజవాడ_న్యూపోర్ట్

సరే, నేను ఎక్కడ నిలబడ్డానో చెప్తా. ఇళ్లు లేని పెద్ద రోడ్ల మీద 20 ఉండకూడదన్న మాట నేను వదలను. 2024లో కొత్త మంత్రి కెన్ స్కేట్స్ వచ్చాక ప్రభుత్వమే ఆ మాట ఒప్పుకుంది. ఏ రోడ్లు తిరిగి 30కి తేవచ్చో కౌన్సిళ్లు చూసుకోవాలని చెప్పింది, కొన్ని మార్చారు కూడా. మొదటే అలా చేసి ఉంటే నాలుగున్నర లక్షల సంతకాలు పడేవి కావు. నేనూ పెట్టాను ఒకటి.

మిగతా వీధుల్లో 20 ఉండనీండి. ట్రిప్పులు తగ్గిన మాట నిజమే. ఆ ఫిజియో అక్క చెప్పిన రెండు మెట్లు మాత్రం నా మనసులో ఉండిపోయాయి.

తెనాలి_స్వాన్సీ

పెద్ద రోడ్ల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

ఇన్ని పోస్టులు చదివాక నా ఆలోచన ఎక్కడికి వచ్చిందో రాస్తాను. మా నాన్నగారు 2022లో తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు, డెబ్బై దాటాయి. రోజూ పొద్దున్నే పాలు తేవడానికి తయారయ్యేవారు. షాపు మా వీధికి అవతలి పక్కనే. పేవ్‌మెంట్ అంచున నిలబడి, తెనాలి బోస్ రోడ్డులో చేసినట్టే, కుడి చెయ్యి కొంచెం ముందుకి చాపి ఆగమని సైగ చేసేవారు. ఇక్కడ కార్లు ఆ చెయ్యిని చూసే వేగంలో వచ్చేవి కావు. రెండో వారానికి వెళ్లడం మానేశారు, "నువ్వే తీసుకురా నాయనా" అన్నారు. 2024లో మళ్లీ వచ్చారు. అదే వీధి, అదే చెయ్యి. ఈసారి కార్లు ఆ చెయ్యి చూసి నెమ్మదించాయి. ఒకాయన అద్దం దించి చేత్తో "వెళ్లండి" అన్నాడు. మా నాన్నగారు తిరిగి దణ్ణం పెట్టారు. మూడు నెలలు పాలు ఆయనే తెచ్చారు.

2022లో మా నాన్నగారికి ప్రమాదమేమీ జరగలేదు. కాబట్టి 2024లో తప్పింది కూడా ఏమీ లేదు. ఆదా పట్టికలో మా నాన్నగారి వరస సున్నా. ఆయన ఇంట్లో కూర్చుండిపోయిన ఆ మూడు నెలలకీ ధర లేదు, బయటికి వెళ్లిన ఈ మూడు నెలలకీ లేదు. నలభై సెకన్లకి ధర కట్టగలిగినవాళ్లు దీనికెందుకు కట్టలేకపోయారు? కారులో ఉన్నవాడి సమయం కొలవడం సులువు, పేవ్‌మెంట్ మీద ఆగిపోయినవాణ్ణి లెక్కపెట్టడానికి ఎవరూ నిలబడరు. 450 కోట్ల నష్టం అన్న అంకెతో నా తగువు ఇదే.

రోండా చెల్లెమ్మ సంగతి కూడా అలాంటిదే. ఆమె నష్టం పట్టికలో ఉంది గానీ, 31 లక్షల మంది మధ్య పలచగా కలిసిపోయింది. నా మటుకు 20 మైళ్లు ఉండాలి. అలాగే, ఆ నిర్ణయం వల్ల జీతం కోసుకుపోయేవాళ్లకి గ్యాప్ పెంచాలి, ప్రయాణానికి డబ్బు కట్టాలి. కేర్ కాంట్రాక్టులు ఇచ్చేది కౌన్సిళ్లే, ఆ షరతు పెట్టడం వాళ్ల చేతిలో పనే. చెల్లెమ్మా, ఏజెన్సీని అడగాలంటే పదిహేను నిమిషాలు అన్న అంచనా సరిపోదు. పాత రోటాలు, అంటే డ్యూటీ టైముల కాగితాలు, మీ దగ్గర ఉన్నాయా?

రోండా_లోయ

ఉన్నాయి అన్నయ్యా. మేం ఇంట్లోకి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఫోన్ యాప్‌లో స్కాన్ చేస్తాం, ఆ టైములన్నీ పాతవి కూడా కనబడుతున్నాయి. నిన్న రాత్రి పిల్లాడు పడుకున్నాక కూర్చుని రాసుకున్నాను. 2023 జూన్‌లో మంగళవారం పొద్దున రౌండ్, ఇప్పటి మంగళవారం రౌండ్. ఏడు ఇళ్లలో ఆరు అవే. ఒక తాతగారు పోయారు, ఆయన బదులు అదే వీధిలో ఇంకొకరు.

ఇంటి నుంచి ఇంటికి పట్టిన నిమిషాలే కూడాను. ఆగే సిగ్నళ్లు, పార్కింగ్ వెతుక్కోవడం అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. నాలుగు మంగళవారాల సగటు తీస్తే పొద్దున రౌండ్‌లో తేడా 5 నిమిషాలు. సాయంత్రం రౌండ్‌లో 4. మొత్తం రోజుకి 9. నేను అనుకున్న 15 కాదు, ఆ మాట ముందు చెప్పాలి. 30 లిమిట్ ఉన్నప్పుడు కూడా ఆ రోడ్డు మీద నిజంగా 30లో వెళ్లింది తక్కువే అన్నమాట.

అయినా 9 నిమిషాలు వారానికి అయిదు రోజులు అంటే ముప్పావు గంట. నెలకి మూడు గంటలు. సూపర్‌వైజర్‌కి మెసేజ్ పెట్టాను, గ్యాప్ 5 నుంచి 6 చేస్తే చాలు, మాకు సరిపోతుంది అని. నాతో పనిచేసే ఇంకో ముగ్గురు కూడా తమ టైములు తీసి ఇచ్చారు, అందులో ఇద్దరు ఇక్కడి వెల్ష్ అమ్మాయిలే. గురువారం రమ్మన్నారు. నలుగురివీ ప్రింట్ తీసి పెట్టుకున్నాను.